పాలు కొలిచే యంత్రం ఏమి చూస్తుంది, ఏమి చూడదు

మన సంఘాలలో పాలు పోసే సభ్యులందరికీ విదితమే: ఈనాడు అనేక సేకరణ కేంద్రాలలో పాలు పోసిన కొద్ది సేపటికే బరువు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర అన్నీ అంకెలుగా వెలుగుతున్నవి. చీటీ అచ్చయి చేతికి వస్తున్నది. కొన్ని చోట్ల ఇల్లు చేరేలోగానే ఫోనుకు సమాచారం కూడా వస్తున్నది. ఇది మంచి సౌకర్యమే. అయితే సర్వసభ్య సమావేశాలలో మేము తరచుగా వింటున్న మాట ఒకటి ఉన్నది. "నిన్న ఆరున్నర వచ్చిన గేదె పాలకు ఇవాళ ఆరే వచ్చిందేమిటయ్యా?" అని సభ్యుడు అడిగితే, "మిషను చూపించింది, నన్నేం చెయ్యమంటావు?" అని టెస్టరు జవాబు. అడిగినవాడు తగవు కోసం అడగలేదు. జవాబు చెప్పినవాడు అబద్ధం చెప్పలేదు. ఇద్దరి మధ్య ఒక పెట్టె వచ్చి కూర్చున్నది, అది ఎలా పని చేస్తున్నదో ఇద్దరికీ తెలియదు.

ఇందులో ఎంత డబ్బున్నదో ముందు లెక్క చూద్దాం. ఒక సభ్యురాలు పూటకు 5 కిలోల పాలు పోస్తున్నదనీ, కిలో వెన్నకు 800 రూపాయలు గిడుతున్నదనీ అనుకుందాం. వెన్న శాతంలో 0.2 తేడా వస్తే పూటకు 10 గ్రాముల వెన్న, అనగా 8 రూపాయలు. రోజుకు రెండు పూటలు, నెలకు 30 రోజులు: 480 రూపాయలు. ఒక పాడి పశువున్న ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. తేడా అటువైపు వస్తే సంఘానికి అంతే నష్టం.

యంత్రానికీ మనిషికీ మధ్య వ్యవహారం ఎలా నడవాలన్న విషయం మీద ప్రపంచంలో పెద్ద చదువే ఉన్నది. నలభై యేండ్లకు పైగా ఇంజనీర్లు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు, మనుషుల నడవడిని పరిశీలించే మానవ శాస్త్రజ్ఞులు దీనిని పరిశోధిస్తున్నారు. వారు పరిశీలించినవి ఎక్కువగా కార్యాలయాలు, విమానాలు, ఓడలు. అయినా వారు కనుగొన్నది మన పాల బల్ల దగ్గర కూడా వర్తిస్తుంది. అందుకే ఈ సంచికలో ఆ విషయం వివరిస్తున్నాము.

పాత పద్ధతి పెద్దలకు జ్ఞాపకమే. స్విట్జర్లాండుకు చెందిన గెర్బర్ అనే శాస్త్రజ్ఞుడు 1890 ప్రాంతంలో కనిపెట్టిన పరీక్ష అది. గాజు బటరోమీటరులో 10 మి.లీ. గంధకామ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. ఎమైల్ ఆల్కహాలు పోసి, బిరడా బిగించి, కుదిపి, సెంట్రిఫ్యూజిలో గిర్రున తిప్పి, 65 డిగ్రీల వేడినీటిలో ఉంచితే వెన్న పైకి తేలి గాజు మీది గీతల మధ్య పసుపు పచ్చగా నిలిచేది. ఆమ్లంతో చేతులు కాలేవి, ఆలస్యమయ్యేది, అప్పటికప్పుడు ఫలితం తెలిసేది కాదు. కాని ఒక గుణం ఉండేది. అనుమానం వస్తే గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి, "ఇదిగో, నువ్వే చదువు" అనవచ్చు. చదువురాని ముసలమ్మకు కూడా పక్కవాడి గొట్టంలో కన్నా తన గొట్టంలో పసుపు పట్టీ పొట్టిగా ఉన్నదో పొడుగ్గా ఉన్నదో కంటికి కనిపించేది.

తరువాత డెన్మార్కు దేశపు మిల్కో టెస్టరు వచ్చింది. పాలను ఒక ద్రావణంతో పలుచన చేసి, వాటిగుండా కాంతిని పంపి, వెన్న కణాలు ఆ కాంతిని ఎంత చెదరగొట్టినవో చూసి శాతం చెప్పేది. ఇప్పుడు మన కేంద్రాలలో విస్తారంగా వాడుతున్నవి అల్ట్రాసోనిక్ యంత్రాలు. మన చెవికి వినిపించని శబ్దాన్ని పాలగుండా పంపి, అది ఎంత వేగంతో ప్రయాణించినదో కొలిచి, పాల ఉష్ణోగ్రతతో కలిపి లెక్కకట్టి అంకె చూపుతవి. ఆమ్లం లేదు, ఆలస్యం లేదు. గాజు గొట్టం మాత్రం పోయింది. పాలకూ అంకెకూ మధ్య జరిగేదంతా పెట్టె లోపలికి వెళ్ళిపోయింది.

ఇలా లోపలికి వెళ్ళిపోవడం ఒక్క పాల విషయంలోనే జరిగినది కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం పాలో ఆల్టోలో జిరాక్స్ కంపెనీ పరిశోధనా కేంద్రం ఉండేది (కాగితాల నకళ్ళకు మనం పెట్టుకున్న పేరు ఆ కంపెనీ పేరే). అక్కడ మార్క్ వైజర్ అనే శాస్త్రజ్ఞుడు 1988లో ఒక ఊహ చేశాడు. కంప్యూటరు బల్ల మీద ఒక్కటే కూర్చుని ఉండదు, అరచేతిలో పట్టేవి, పలకంత ఉండేవి, గోడకు నల్లబల్లలా తగిలించేవి అనేకం వచ్చి చుట్టూ ఉన్న వస్తువులలో కలిసిపోతవి, అవి ఉన్నట్లు కూడా మనం గమనించము అన్నాడు. 1991లో దీనిపై ఆయన రాసిన వ్యాసం ప్రసిద్ధమైనది. ఉదాహరణకు ఆయన విద్యుత్ మోటారును తీసుకున్నాడు. మన పల్లెల్లో పాత రైసు మిల్లు చూసినవారికి ఇది ఇట్టే బోధపడుతుంది. ఒకే ఆయిలు ఇంజను, పైన ఒక పొడుగాటి ఇరుసు, దాని నుండి పట్టాలు వేలాడి ఒక్కొక్క యంత్రాన్ని తిప్పేవి. ఇంజను ఆగితే మిల్లంతా ఆగేది, ఊరందరికీ ఆ సంగతి తెలిసేది. తరువాత ప్రతి యంత్రానికీ లోపలే చిన్న మోటారు వచ్చింది. ఇప్పుడు మన ఇంట్లో మోటార్లు ఎన్ని ఉన్నవో చెప్పమంటే లెక్కించడానికి కొంతసేపు పడుతుంది.

వైజర్ 1999లో మరణించాడు గాని ఆయన ఊహ నిజమైంది. మీ సంఘంలో కంప్యూటర్లు ఎన్ని అని అడిగితే కార్యదర్శి ఒక్కటే అంటాడు. తూకం యంత్రంలో ఒకటి, వెన్న యంత్రంలో ఒకటి, చీటీ అచ్చు వేసే పెట్టెలో ఒకటి, బల్క్ కూలరు చల్లదనాన్ని అదుపు చేసేది ఒకటి, ఆయన జేబులో ఫోను ఒకటి. ఇవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నవి కూడా. కనిపించకుండా పని చేయడం వీటి సుగుణం. చెడినప్పుడు కూడా కనిపించకుండానే చెడడం వీటి దుర్గుణం.

అదే పరిశోధనా కేంద్రంలో లూసీ సుచ్‌మన్ అనే మానవ శాస్త్రజ్ఞురాలు 1980 దశకంలో చేసిన పని మాకు మరింత విలువైనదిగా తోస్తున్నది. కంపెనీవారు కాగితాల నకలు తీసే పెద్ద యంత్రానికి, వాడేవారికి మెట్టు మెట్టుగా సూచనలిచ్చే తెలివైన ఏర్పాటు ఒకటి జోడించారు. ఆమె ఇద్దరిద్దరిని ఆ యంత్రం ముందు నిలబెట్టి, వారేమి చేస్తున్నారో, ఏమి మాట్లాడుకుంటున్నారో వీడియో తీసింది. ఆ దృశ్యాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి రాసుకుంది. ఒక పక్క మనుషులు చేసినదీ అన్నదీ అంతా. రెండవ పక్క అందులో యంత్రానికి అందినది మాత్రమే. మొదటి పక్క నిండుగా ఉన్నది. రెండవ పక్క దాదాపు ఖాళీ. తలుపు తెరిచారు, మూశారు, మీట నొక్కారు, అంతే. మనుషులు తికమకపడి "ఇదేమిటి, మళ్ళీ మొదటికి వచ్చింది" అని ఒకరితో ఒకరు అనుకుంటుంటే, యంత్రం మాత్రం మీట నొక్కబడింది గనుక పని సవ్యంగా సాగుతున్నదని తరువాతి సూచన ఇచ్చేది. మనుషులు ఆ సూచన చూసి తాము చేసినది సరే కాబోలు అనుకునేవారు. ఇలా ఇద్దరూ చెరొక దారిన పోయి, ఎక్కడ తప్పారో తెలియని స్థితికి వచ్చేవారు. 1987లో ఆమె దీనిని పుస్తకంగా ప్రచురించింది.

ఈ రెండు పక్కల పట్టికను మన పాల బల్ల దగ్గర వేసి చూడండి. యంత్రానికి అందేవి పాలలో శబ్దపు నడక, పాల వేడి, టెస్టరు నొక్కిన మీట. ఇంతే. పాలు బిందెలో అరగంట నిలిచి మీగడ పైకి తేలిందని దానికి తెలియదు. కలియబెట్టకుండా పైనుండి నమూనా తీస్తే ఎక్కువ, అడుగునుండి తీస్తే తక్కువ చూపుతుంది. రెండూ దాని మటుకు నిజాలే. అప్పుడే పితికి హడావుడిగా ఒంపిన పాలలో నురగ, గాలి బుడగలు ఉంటే శబ్దపు నడక చెడుతుంది, అంకె చెడుతుంది. ఆవు పాలకు, గేదె పాలకు, కలిసిన పాలకు వేరువేరు అమరికలు ఉంటవి. ఆవు పాల మీట మీద గేదె పాలు పరీక్షిస్తే యంత్రం అభ్యంతరం చెప్పదు, ఏదో ఒక అంకె చూపిస్తుంది. పూట పూటకూ గొట్టాలు కడగకపోతే లోపల పాల పొర పేరుకుంటుంది, ఆ పొర గుండా వచ్చిన శబ్దాన్నే అది పాలనుకుంటుంది. ఉప్పు, పంచదార, యూరియా వంటివి కలిపిన పాలను కొన్ని యంత్రాలు ఎస్.ఎన్.ఎఫ్. ఎక్కువగల పాలుగా భ్రమపడతవి.

ఇంకొక పక్క న్యాయం కూడా చెప్పాలి. అంకె తగ్గిన ప్రతిసారీ యంత్రానిదే తప్పు కాదు. పితుకులో చివర వచ్చే పాలలో వెన్న ఎక్కువ. ఆ చివరి పాలు దూడ తాగినా, పొదుగులో మిగిలిపోయినా శాతం తగ్గుతుంది. మేత మారినా, పశువుకు ఒంట్లో బాగులేకపోయినా తగ్గుతుంది. ఈ సంగతి సభ్యుడికి తెలుసు, యంత్రానికి తెలియదు. నురగ సంగతి టెస్టరుకు తెలుసు. అందువలన అంకెకు కారణం ఏమిటో తేలాలంటే ఆ ఇద్దరూ మాట్లాడుకోవాలి. "మిషను చూపించింది" అన్న మాట ఆ సంభాషణను మొదట్లోనే ఆపివేస్తున్నది.

మనుషులు యంత్రాన్ని ఎంతవరకు నమ్ముతారో తెలియడానికి ఒక ఓడ సంగతి చెబుతాము. 1995 జూన్‌లో రాయల్ మెజెస్టీ అనే ప్రయాణికుల ఓడ బెర్ముడా దీవి నుండి అమెరికాలోని బోస్టన్ రేవుకు బయలుదేరింది. అందులో దాదాపు 1500 మంది ఉన్నారు. ఉపగ్రహాల సాయంతో ఓడ ఎక్కడున్నదో చెప్పే పరికరం ఉన్నది. బయలుదేరిన కొద్దిసేపటికే ఆ పరికరానికి సంకేతాలు తెచ్చే తీగ ఊడిపోయింది. పరికరం ఆగిపోలేదు. సంకేతం లేదు గనుక వేగాన్నీ దిశనూ బట్టి ఓడ ఎక్కడుండవచ్చో ఊహించి, ఆ ఊహనే స్థానంగా చూపడం మొదలుపెట్టింది. తెర మీద ఒక మూల రెండు మూడు చిన్న అక్షరాలు మారినవి. ఎవరూ గమనించలేదు. గాలి, ప్రవాహం ఓడను పక్కకు నెడుతూ ఉంటే అధికారులు గంట గంటకూ ఆ తెర చూసి అంతా సవ్యంగా ఉన్నదనుకున్నారు. ముప్పైనాలుగు గంటల పాటు ఇలా సాగింది. చివరికి ముందువైపు కాపలా ఉన్నవారు నీటి రంగు తేడాగా ఉన్నదని చెప్పినా ఓడ దారి మార్చలేదు. జూన్ 10 రాత్రి నాన్‌టకెట్ దీవి సమీపంలో ఇసుక తిన్నె ఎక్కింది. అప్పటికి తాననుకున్న చోటుకు 17 మైళ్ళ దూరంలో ఉన్నది. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బలు తగలలేదు.

యంత్రం చెడితే ఆగిపోతుందని మనందరి నమ్మకం. పంపుసెట్టు చెడితే నీళ్ళు రావు, కనుక తెలుస్తుంది. ఈ తెలివి గల యంత్రాలు చెడినా అంకె చూపుతూనే ఉంటవి, అంతే నమ్మకంగా, రెండు దశాంశ స్థానాల వరకు. ఈ సంగతి మన టెస్టర్లకు శిక్షణలో మొదటి రోజే చెప్పాలని మా అభిప్రాయం.

మన దేశంలో పుట్టి అమెరికాలో పరిశోధన చేసిన రాజా పరశురామన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, విక్టర్ రైలీతో కలిసి 1997లో రాసిన వ్యాసంలో మనుషులు యంత్రాల విషయంలో చేసే పొరపాట్లను విడమరచి చెప్పాడు. అతిగా నమ్మి పరీక్షించడం మానివేయడం ఒకటి. ఒకటి రెండుసార్లు తప్పు చూపినదని పూర్తిగా తిరస్కరించడం ఇంకొకటి. వాడేవారి సంగతి ఆలోచించకుండా పైవారు యంత్రాన్ని తెచ్చి నెత్తిన పెట్టడం మరొకటి. మా ఉద్దేశంలో మూడవదానికి సమాఖ్యలు, యూనియన్లే జవాబుదారులు. మొదటి రెండూ ఒకే సంఘంలో ఒకే పూట చూడవచ్చు. బల్లకు లోపలివైపు అతి నమ్మకం, బయటివైపు బొత్తిగా అపనమ్మకం.

ఇంగ్లండుకు చెందిన లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లోనే మరొక చిక్కు ఎత్తి చూపింది. పనంతా యంత్రానికి అప్పగించి, అది తప్పినప్పుడు మాత్రం మనిషి చక్కదిద్దాలంటాము. రోజూ చేయని పని అవసరమైన రోజున చేతికి ఎలా వస్తుంది? మన సంఘాలలో గెర్బర్ పరీక్ష సరిగా ఇదే స్థితిలో ఉన్నది. సెంట్రిఫ్యూజి అటక మీద ఉన్నది, బటరోమీటర్లు పగిలినవి పగలగా మిగిలినవి గోనె సంచిలో ఉన్నవి. కొత్తగా చేరిన టెస్టరు ఆ పరీక్ష ఒక్కసారైనా చేయలేదు. వారానికి ఒక పూట, కొన్ని నమూనాలను రెండు విధాలా పరీక్షించి, రెండు అంకెలనూ పక్క పక్కన పుస్తకంలో రాసి ఉంచితే టెస్టరు చేయి మొద్దుబారదు, యంత్రం ఎప్పటినుండి తప్పుతున్నదో తేదీతో సహా దొరుకుతుంది. గంధకామ్లం వాడేటప్పుడు పాత జాగ్రత్తలన్నీ పాటించవలసినదే.

సంఘాల మీద పెద్ద ఖర్చు పడని మార్పులు మరికొన్ని ఉన్నవి. అంకెలు వెలిగే తెర చాలా చోట్ల టెస్టరు వైపు తిరిగి ఉన్నది. దానిని పాలు పోసేవారి వైపు తిప్పండి, లేదా రెండవ తెర పెట్టించండి. అంకెతోపాటు ఆవు అమరికో గేదె అమరికో కూడా చీటీ మీద పడేటట్లు చూడండి. తెర చదవలేని సభ్యులు, ముఖ్యంగా వయసు మళ్ళిన స్త్రీలు చాలామంది ఉన్నారు, వారికి అంకె పైకి చదివి చెప్పడం టెస్టరు విధిగా పెట్టుకోవాలి. సభ్యుడు కోరితే అదే నమూనాను కలియబెట్టి, నురగ తగ్గనిచ్చి మరొకసారి పరీక్షించాలి. కోరుకున్న అంకె వచ్చేదాకా పదిసార్లు చేయమనడం మాత్రం తగదు. రెండుసార్లకు ఎక్కువ తేడా వస్తే గెర్బర్ పరీక్షకు పంపడం మేలు. ఆ తేడా ఎంత అన్నది యాజమాన్య కమిటీ ముందుగానే తీర్మానించి గోడ మీద రాయించాలి. వివాదం వచ్చాక తీర్మానిస్తే ఎవరికీ నమ్మకం ఉండదు.

సహకార సంఘంలోనే జరిగిన పరిశోధన ఒకటి ఇక్కడ చెప్పదగినది. మహారాష్ట్రలో కొల్హాపూరు జిల్లా వారణా చక్కెర సహకార సంఘం 1998లో పల్లెలలో కంప్యూటరు కేంద్రాలు పెట్టించింది. ఎన్నో సేవలు అందుతాయని ఆశించారు. కొన్నేళ్ళకు బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు వెళ్ళి చూస్తే, రైతులు నిజంగా అడుగుతున్నవి కొద్ది ప్రశ్నలే: చెరకు ఎంత తూగింది, ఎరువు లెక్క ఎంత, డబ్బు సంగతేమిటి. ఆ పాటి ప్రశ్నలకు ఖరీదైన కంప్యూటరు ఎందుకని, 2006లో ఏడు గ్రామాలలో మామూలు సెల్‌ఫోను ద్వారా జవాబు వచ్చే ఏర్పాటు చేసి పరీక్షించారు. పని నడిచింది. రైతు అడిగే ప్రశ్న ఏదో ముందు తెలుసుకుని తరువాత యంత్రం కొనాలన్న తెలివి మన సంఘాలకూ అవసరమే. అమ్మేవారు చూపించే పట్టీలో ఇరవై సౌకర్యాలు ఉంటవి, మన సభ్యుడికి కావలసినవి నాలుగు.

లెక్కల గోప్యత గురించి ఒక్క మాట. ఎవరు ఎన్ని పాలు పోశారన్నది పూర్వం కూడా పుస్తకంలో ఉండేది. కాని ఆ పుస్తకం సంఘం గది దాటేది కాదు. ఇప్పుడది దూరాన ఏ యంత్రంలోనో ఉన్నది. అప్పు ఇచ్చేవారు, దాణా అమ్మేవారు, పాలు కొనే ఇతరులు దానిని చూడగోరడం సహజం. ఎవరు చూడవచ్చునో నిర్ణయించవలసినది సభ్యులు. దీనిని సర్వసభ్య సమావేశం అజెండాలో ఒక అంశంగా చేర్చవలసినదిగా కార్యదర్శులకు మనవి.

చివరగా, పశువు మెడకు కట్టే పట్టీల గురించి కొన్ని సంఘాలు మాకు రాస్తున్నవి. ఎదకు వచ్చిన పశువు ఎక్కువ తిరుగుతుంది, ఆ తిరుగుడును లెక్కించి పట్టీ రైతు ఫోనుకు కబురు పంపుతుంది. ఆవులలో ఇది చాలాకాలంగా పరీక్షకు నిలిచిన సంగతే, పాశ్చాత్య దేశాలలో విరివిగా వాడుతున్నారు. అయితే అక్కడివి విడిగా తిరిగే ఆవులు. మనవి ఎక్కువగా గేదెలు, అవీ గుంజకు కట్టినవి. గేదె మూగ ఎదకు వస్తుందని, తరచు రాత్రి పూటే లక్షణాలు చూపుతుందని మన పాడి రైతులకు చెప్పనక్కరలేదు. కట్టేసి ఉన్న బర్రె ఎంత తిరుగుతుంది? కనుక పట్టీలు కొనదలచిన సంఘాలు అమ్మేవారిని ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: ఇది గేదెల మీద పరీక్షించినదేనా, కట్టి మేపే గేదెల మీదనా, ఎన్ని ఎదలు పట్టుకోలేకపోయింది, రాని ఎదను వచ్చినట్లు ఎన్నిసార్లు చెప్పింది? జవాబు తృప్తికరంగా ఉంటే కూడా మొదట నాలుగైదు పశువులకు కట్టి, పట్టీ చెప్పినదీ రైతు కంటితో చూసినదీ మూడు నెలల పాటు ఒకే పుస్తకంలో రాయించండి. ఆ మూడు నెలలూ రాత్రి పడుకోబోయే ముందు లాంతరో టార్చిలైటో పట్టుకుని కొట్టంలోకి ఒకసారి వెళ్ళి రావడం మానవద్దని సభ్యులకు చెప్పండి.